ప్రమాదానికి చోటులేని దారి వేసిన ఇంజనీరు: షిమా హిదెయో

జపాన్‌లో షింకన్సెన్ రైళ్లు పరుగు మొదలుపెట్టి ఆరు దశాబ్దాలు దాటింది. ఇంత కాలంలో రైళ్లు ఢీకొనడం వల్ల గానీ, పట్టాలు తప్పడం వల్ల గానీ వాటిలో ప్రయాణిస్తున్న ఒక్కరు కూడా మరణించలేదు. ప్రపంచం వాటిని వేగానికి గుర్తుగా చూస్తుంది. వాటికి రూపమిచ్చిన ప్రధాన ఇంజనీరు షిమా హిదెయోను మాత్రం వేగం కంటే ముందు మరో ప్రశ్న వెంటాడింది. ప్రమాదానికి అసలు చోటే లేని రైలు మార్గాన్ని నిర్మించడం ఎలా అన్నదే ఆ ప్రశ్న. 1951లో నూరుమందికి పైగా ప్రాణాలను బలిగొన్న ఒక అగ్నిప్రమాదం దాన్ని ఆయన ముందు నిలిపింది.

షిమా 1901 మే 20న ఒసాకాలో జన్మించారు. తండ్రి యాసుజిరో ఆనాటికే పేరున్న రైల్వే ఇంజనీరు. 1872లో తొలి రైలు మార్గాన్ని ప్రారంభించినప్పుడు జపాన్ 1,067 మిల్లీమీటర్ల సన్నని గేజ్‌ను ఎంచుకుంది. మన మీటర్ గేజ్ కంటే అది కొద్దిగా మాత్రమే వెడల్పు. ఆ పట్టాల మీద పెద్ద ఇంజన్లు, వేగవంతమైన రైళ్లు నడపడం కష్టమని, దేశమంతటా 1,435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజ్‌కు మారాలని యాసుజిరో పట్టుబట్టారు. 1917లో యొకోహామా మార్గంలో కొంత మేర పట్టాలు వెడల్పు చేసి ప్రయోగాలు కూడా జరిపించారు. అయితే ఉన్న మార్గాలను వెడల్పు చేయడం కంటే కొత్త ఊళ్లకు రైలు వేయడమే మేలని రాజకీయ నాయకులు భావించారు. 1919లో ప్రభుత్వం ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. యాసుజిరో రైల్వే కొలువును వదులుకున్నారు.

కుమారుడు అదే దారిని ఎంచుకున్నాడు. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, 1925లో షిమా రైల్వే మంత్రిత్వశాఖలో చేరారు. పదేళ్లు తిరిగేసరికి దేశంలోని అగ్రశ్రేణి ఆవిరి ఇంజన్ల రూపకర్తల్లో ఒకరయ్యారు. ఆయన ఆధ్వర్యంలో రూపొందిన డి-51 ఇంజను 1936లో పట్టాలెక్కింది. ఆ నమూనాలో 1,115 ఇంజన్లు తయారయ్యాయి. జపాన్‌లో మరే ఆవిరి ఇంజనూ అంత పెద్ద సంఖ్యలో తయారు కాలేదు.

1930ల చివర్లో షిమా విదేశీ రైల్వేల అధ్యయనానికి వెళ్లారు. నెదర్లాండ్స్‌లో విద్యుత్ రైళ్లను చూసినప్పుడు ఆయన ఆలోచన మలుపు తిరిగింది. రైలు ముందు ఒక బరువైన ఇంజను కట్టి పెట్టెలన్నింటినీ లాగించే బదులు, పెట్టెల కిందే మోటార్లు అమర్చవచ్చు. అలా చేస్తే బరువు రైలంతటా సమంగా పరచుకుంటుంది. పట్టాల మీద, వంతెనల మీద ఒత్తిడి తగ్గుతుంది. జపాన్ లాంటి మెత్తని నేలలు, కొండలు ఉన్న దేశానికి ఈ పద్ధతే తగినదని ఆయన నమ్మారు. అప్పటికి అలాంటి రైళ్లు నగరాల్లో దగ్గరి ప్రయాణాలకే పరిమితం. దూర ప్రయాణాలకు ఇంజను కట్టిన రైళ్లే సరైనవని నిపుణుల అభిప్రాయం.

1940లో తండ్రి కల మరోసారి చిగురించింది. టోక్యో నుంచి షిమొనొసెకి దాకా ప్రామాణిక గేజ్ మీద కొత్త మార్గం వేయడానికి జపాన్ పార్లమెంటు ఆమోదం తెలిపింది. ప్రజలు దాన్ని తూటా రైలు పథకమని పిలిచారు. దాన్ని రూపొందించిన సంఘానికి యాసుజిరో నాయకత్వం వహించారు. 1941లో సొరంగాల తవ్వకం మొదలైంది. యుద్ధం ఉధృతమయ్యాక పనులు ఆగిపోయాయి. 1946లో యాసుజిరో కన్నుమూశారు. సేకరించిన భూమి, తవ్విన సొరంగాలు మాత్రం మిగిలాయి.

యుద్ధానంతరం షిమా తన నమ్మకాన్ని ఆచరణలో పెట్టారు. పెట్టెల కింద మోటార్లున్న షోనాన్ రైళ్లను 1950లో టోక్యో నుంచి దూర ప్రయాణాలకు ప్రవేశపెట్టారు. మరుసటి ఏడాదే విషాదం ఎదురైంది.

1951 ఏప్రిల్ 24న యొకోహామాలోని సకురగిచో స్టేషన్ వద్ద మరమ్మతుల సమయంలో విద్యుత్ తీగ తెగి వేలాడింది. స్టేషన్‌లోకి వస్తున్న రైలు పాంటోగ్రాఫ్ ఆ తీగలో చిక్కుకుని మంటలు లేచాయి. యుద్ధకాలపు కొరతలో నాసిరకం సామగ్రితో రూపొందించిన పెట్టెలవి. పైకప్పు చెక్కది. కిటికీలను మూడు భాగాలుగా చేసి నడిమి భాగాన్ని కదలకుండా బిగించడంతో మనిషి దూరే సందు లేదు. తలుపులు తెరుచుకోలేదు. పక్క పెట్టెలోకి వెళ్లే వీలూ లేకపోయింది. 106 మంది మరణించారు. ఆ సమయంలో జాతీయ రైల్వేలో పెట్టెలు, ఇంజన్ల విభాగానికి షిమాయే అధిపతి. తీగ తెగడానికి ఆయన కారకుడు కాదు. అయినా మనుషులను లోపలే బంధించిన పెట్టెలు తన విభాగానివి. ఆ ఏడాదే ఆయన రైల్వేను వీడి ప్రైవేటు పరిశ్రమలో చేరారు.

నాలుగేళ్ల తర్వాత ఆయనను వెనక్కి రప్పించింది సొగో షింజి. 1955లో 71 ఏళ్ల వయసులో జాతీయ రైల్వే అధ్యక్ష పదవి చేపట్టిన సొగో, టోక్యో-ఒసాకా మధ్య కొత్త ప్రామాణిక గేజ్ మార్గం వేయాలన్న పట్టుదలతో ఉన్నారు. తండ్రి అసంపూర్తిగా వదిలిన పనిని పూర్తిచేయమని ఆయన షిమాను కోరారు. మొదట వెనుకాడిన షిమా చివరికి ఒప్పుకుని, 1955 డిసెంబరులో ప్రధాన ఇంజనీరుగా తిరిగి వచ్చారు.

అది రైళ్లకు కాలం చెల్లిందని ప్రపంచం నమ్ముతున్న రోజు. అమెరికాలో రహదారులు, విమానాలు ప్రయాణికులను లాగేసుకుంటున్నాయి. వందల కిలోమీటర్ల కొత్త రైలు మార్గం వేయడం పనికిరాని బృహత్కార్యమని విమర్శకులు ఎద్దేవా చేశారు. మరోవైపు టోక్యో-ఒసాకా పాత మార్గం మాత్రం రద్దీతో కిక్కిరిసిపోతోంది. 1957 మే నెలలో రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు టోక్యోలో బహిరంగ ఉపన్యాసాలు ఇచ్చి, ఆ రెండు నగరాల మధ్య మూడు గంటల ప్రయాణం సాధ్యమేనని ప్రకటించారు. ప్రజాభిప్రాయం కదిలింది.

ఆ శాస్త్రవేత్తల్లో పలువురు యుద్ధకాలంలో సైన్యానికి పనిచేసినవారు. ఓటమి తర్వాత జపాన్‌లో విమానాల తయారీని నిషేధించడంతో వారు రైల్వే పరిశోధనలోకి వచ్చారు. వేగం పెరిగే కొద్దీ చక్రాలు పట్టాల నడుమ పాములా అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊపు హద్దు మీరితే రైలు పట్టాలు తప్పుతుంది. యుద్ధ విమానాల ప్రకంపనలను అధ్యయనం చేసిన మత్సుదైరా తదాషి ఈ చిక్కును విప్పారు. విమాన రూపకర్త మికి తదానావో గాలిని చీల్చుకుపోయే ఆకృతిని అధ్యయనం చేశారు. సిగ్నల్ నిపుణుడు కవనబె హజిమె రైలును దానంతట అదే అదుపుచేసే వ్యవస్థపై పనిచేశారు.

ఈ ఫలితాలను ఒక్కచోట కూర్చడమే షిమా చేసిన గొప్ప పని. ఒక్కో నిర్ణయమూ ఒక్కో ప్రమాదానికి దారి మూసింది. మార్గమంతటా ఎక్కడా లెవెల్ క్రాసింగ్ ఉండకూడదన్నారు. కాబట్టి రోడ్డు వాహనంతో ఢీకొనే ప్రసక్తే లేదు. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో దారి పక్కన ఉన్న సిగ్నల్‌ను డ్రైవర్ కన్ను నమ్మకంగా పట్టుకోలేదు. అందుకే సిగ్నల్‌ను డ్రైవర్ గదిలోకే తెచ్చారు. అనుమతించిన వేగం దాటితే బ్రేకులు వాటంతట అవే పడతాయి. పన్నెండు పెట్టెల రైలులో 48 ఇరుసులుంటే, ప్రతి ఇరుసుకూ 185 కిలోవాట్ల మోటారు అమర్చారు. అవే మోటార్లు వేగం తగ్గించడానికీ తోడ్పడతాయి. ఒకటి మొరాయించినా మిగతావి రైలును నడిపిస్తాయి.

వీటిలో పూర్తిగా కొత్తదంటూ దాదాపు ఏదీ లేదు. నిరూపణ కాని పరికరాన్ని ప్రయాణికుల మీద ప్రయోగించకూడదన్నది షిమా నియమం. ఆ నియమమే పథకానికి డబ్బు కూడా తెచ్చింది. ప్రయోగాత్మక సాంకేతికతకు ప్రపంచ బ్యాంకు రుణం ఇవ్వదు. ప్రతి భాగమూ ఇప్పటికే పరీక్షకు నిలిచిందేనని వివరించాక, 1961లో 8 కోట్ల డాలర్ల రుణం మంజూరైంది.

1959 ఏప్రిల్‌లో పనులు మొదలయ్యాయి. తండ్రి కాలంలో ఆగిపోయిన కొత్త తన్నా సొరంగాన్ని తిరిగి తవ్వారు. 1963 మార్చిలో ప్రయోగాత్మక మార్గంలో రైలు గంటకు 256 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. కానీ ఖర్చు అదుపు తప్పింది. తొలి అంచనా సుమారు 20,000 కోట్ల యెన్‌లు కాగా, చివరికి అది 38,000 కోట్లకు చేరింది. ఆమోదం కోసం అంచనాను తగ్గించి చూపారన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. మార్గం పూర్తికాకముందే, 1963 మే నెలలో సొగో పదవి కోల్పోయారు. ఆయనతో పాటు షిమా కూడా తప్పుకున్నారు.

1964 అక్టోబరు 1న, టోక్యో ఒలింపిక్స్‌కు తొమ్మిది రోజుల ముందు, 515 కిలోమీటర్ల మార్గంలో రైళ్లు కదిలాయి. అప్పటి దాకా ఆరున్నర గంటలు పట్టిన ప్రయాణం నాలుగు గంటలకు, మరుసటి ఏడాది మూడు గంటల పది నిమిషాలకు తగ్గింది. టోక్యో స్టేషన్‌లో జరిగిన ప్రారంభోత్సవంలో షిమా లేరు. ఆ వేడుకను ఆయన ఇంట్లో టెలివిజన్‌లో చూశారు.

1969లో జపాన్ అంతరిక్ష అభివృద్ధి సంస్థ ఏర్పడినప్పుడు, తొలి అధ్యక్షుడిగా ప్రభుత్వం షిమాను పిలిచింది. అక్కడా ఆయన పద్ధతి మారలేదు. సొంత రాకెట్ నమూనా మీద కాలం గడపకుండా, అమెరికాలో నిగ్గుతేలిన రాకెట్ సాంకేతికతను తీసుకుని ముందుకు సాగాలని ఆయన హయాంలో నిర్ణయించారు. 1975లో కికు, అంటే చామంతి, అనే పేరుతో ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. 1977లో ఆయన ఆ బాధ్యత నుంచి విరమించారు. 1994లో జపాన్ సాంస్కృతిక పురస్కారంతో గౌరవించింది. 1998 మార్చి 18న, 96 ఏళ్ల వయసులో షిమా కన్నుమూశారు. రెండో కుమారుడు తకాషి తొలి షింకన్సెన్ రైలు రూపకల్పనలో పాల్గొని, ఆ తర్వాత తైవాన్ హైస్పీడ్ రైలుకూ సేవలందించారు.

షిమా నమ్మిన సూత్రాలు నేడు మన పట్టాల మీదా కనిపిస్తాయి. హైదరాబాద్ ఎం.ఎం.టి.ఎస్. రైళ్లకు, సికింద్రాబాద్-విశాఖపట్నం వందే భారత్‌కు ముందు విడి ఇంజను ఉండదు. మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి. ముంబయి-అహ్మదాబాద్ మధ్య 508 కిలోమీటర్ల మార్గం షింకన్సెన్ సాంకేతికతతో నిర్మాణంలో ఉంది. బ్రాడ్ గేజ్ మీద కాపలా లేని లెవెల్ క్రాసింగ్‌లన్నింటినీ 2019 నాటికి భారతీయ రైల్వే తొలగించింది. డ్రైవర్ ఎర్ర సిగ్నల్‌ను దాటబోతే తానే బ్రేకు వేసే కవచ్ వ్యవస్థను తొలుత పరీక్షించింది దక్షిణ మధ్య రైల్వేలోనే, వికారాబాద్ పరిసర మార్గాల్లో. మనిషి పొరపడినా రైలు ఆగాలన్న ఆలోచన సకురగిచో మంటల తర్వాత షిమా మనసును వదలలేదు. దేశంలోని వేల కిలోమీటర్ల మార్గాలకు దాన్ని విస్తరించే పని ఇంకా సాగుతోంది.