వావిలాల వారూ, నా తెలుగు నోటూ

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని గురించి రాయమని కార్యదర్శి గారు అడగగానే నాకు శ్రీ వావిలాల గోపాలకృష్ణయ్య గారు గుర్తుకొచ్చారు. మనలో 1970ల నాటి గుమాస్తాలకు ఆయన పేరు చెబితే ముందు ఫైళ్లే జ్ఞాపకం వస్తాయి. కాని ఆయన అంతకుముందే నాలుగుసార్లు శాసనసభ్యుడు.

1906 సెప్టెంబరు 17న గుంటూరు జిల్లా సత్తెనపల్లిలో జన్మించారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు, గ్రంథాలయోద్యమంలో పనిచేశారు. సొంత ఊరి నియోజకవర్గం నుంచే 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో వరుసగా గెలిచారు. మొదటిసారి గెలిచింది మద్రాసు శాసనసభకు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మరుసటి ఏడే ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది, 1955లో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. అందుకే 1957లో తెలంగాణలో ఎన్నికలు జరిగినా మన ప్రాంతంలో జరగలేదు.

ఆ 1955 గెలుపే నా దృష్టిలో గొప్పది. 196 స్థానాల్లో కాంగ్రెస్ కూటమికి 146 వచ్చాయి, అంత బలమున్న కమ్యూనిస్టులకు మిగిలినవి 15. అంతటి గాలిలో ఇండిపెండెంటుగా నిలబడి గెలవడం మాటలా! కృష్ణ నీటిని మద్రాసు వైపు తరలించే ఆలోచనను ఎదిరించి, నందికొండ ప్రాజెక్టు కోసం పోరాడినవారిలో ఆయన ముఖ్యులు. 1955 డిసెంబరు 10న అక్కడే నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు.

ఇక మన సంగతి. అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. ఎనిమిదేళ్లు గడిచినా మా తాలూకా ఆఫీసులో తెలుగు నోటు ఒక్కటీ లేదు. 1974లో అధికార భాషా సంఘం ఏర్పాటై వావిలాల గారు తొలి అధ్యక్షులయ్యారు. ఆ పేరు వినగానే ఆఫీసుల్లో కలవరం మొదలైంది. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది. ఒక ముసలి రైతు శిస్తు అర్జీ మీద భయపడుతూ తెలుగులో నోటు పుటప్ చేశాను. తెలుగులోనే ఎండార్స్‌మెంటు ఇచ్చాం. అంతకుముందైతే ఆ కాగితం చదివించుకోవడానికి అర్జీలు రాసేవాడికి డబ్బులివ్వాలి. ఆయన వరండాలోనే కూర్చుని కూడబలుక్కుంటూ చదివి, సర్వే నంబరు తప్పు పడిందని నాకే చూపించాడు. అంకె మార్చింది నేనే. ఇంగ్లీషులో రాసి ఉంటే ఆ తప్పు ఎన్నేళ్లు మోసేవాడో!

ఆ ఉత్సాహం ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత వచ్చిన ఒక పై అధికారి తెలుగు నోటును తిప్పి పంపేవారు. తెలుగు టైపు మిషను దొరకదు, టైపు చేసేవారూ దొరకరు. ఇవన్నీ నిజమే. కాని నిజంగా ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. పాత నమూనాలు చూసి ఇంగ్లీషులో రాయడం నాకే తేలికనిపించింది.

1992లో వావిలాల గారికి పద్మభూషణ్ వచ్చినప్పుడు ఆఫీసులో గర్వంగా చెప్పుకున్నాం. 2003 ఏప్రిల్ 29న తొంభై ఆరేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. మర్నాడు పత్రికలో ఆ వార్త చదివి ఆఫీసుకు వెళ్లాను. నా బల్ల మీద సంతకానికి సిద్ధంగా ఉన్న కాగితాలు ఏడెనిమిది. అన్నీ నేను ఇంగ్లీషులో రాసినవే.