మైకేల్ ఫారడే మహాశయుడు

ఇంగ్లండు దేశమున లండను నగరమునకు చేరువనున్న న్యూయింగ్టనులో 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఒక కమ్మరి యింట మైకేల్ ఫారడే జన్మించెను. తండ్రి జేమ్సు తఱచు వ్యాధిగ్రస్తుడై కొలిమి యొద్ద నిలువలేకపోయెడివాడు. 1801లో ధాన్యము వెల మిక్కిలి పెరిగినపుడు బాలుడైన మైకేలునకు వారమునకొక రొట్టె మాత్రమే వంతు వచ్చెనందురు. బడిలో నేర్చినది చదువుట, వ్రాయుట, సామాన్యమైన లెక్కలు. అంతకు మించి లేదు. ఉన్నతగణితము ఈయనకు కడవఱకు పట్టుబడలేదు. లెక్కలలో వెనుకబడిన మన బాలురు ఈ మాట విని సంతోషింతురు గాని, ఆ లోపము తీర్చుకొనుట కాయన పడిన శ్రమను కూడ విని పిదప సంతోషింపవలెను.

1805లో రీబో అను పుస్తకవ్యాపారి యొద్ద పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుటకు ఏడేండ్ల ఒప్పందముమీద చేరెను. అట్ట కట్టుటకు వచ్చిన పుస్తకములను కట్టుటతో విడువక చదివెడివాడు. విద్యుత్తును గూర్చియు రసాయనశాస్త్రమును గూర్చియు తొలిపాఠములు ఆయన కిట్లే లభించెను. 1812లో ఒక సజ్జనుడిచ్చిన చీటీలతో రాయల్ ఇన్‌స్టిట్యూషనునకు పోయి, సర్ హంఫ్రీ డేవీ పండితుని ఉపన్యాసములు నాలుగు వినెను. విన్నదంతయు శుభ్రముగా వ్రాసి, పటములు గీసి, తన చేతితోనే అట్ట కట్టి, పని నిమ్మని ప్రార్థించుచు ఆ పుస్తకమును డేవీకే పంపెను. 1813 మార్చిలో ఆ సంస్థయందే ప్రయోగశాల సహాయకుడుగా కుదిరెను. ఆ మేడలోనే సుమారు నలువదియైదేండ్లు కాపురముండెను.

అయస్కాంతమును కదలించుటవలన తీగెలో విద్యుత్ప్రవాహము పుట్టునని 1831లో ఆయన కనుగొనిన సంగతి మన పాఠ్యపుస్తకములలో నున్నది గావున ఇచట విస్తరింపను.

ఫారడే కుటుంబమువారు శాండిమేనియను లనబడు చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినవారు. వారు వేదవాక్యమును ఉన్నదున్నట్లుగా ఆచరింప యత్నించువారు. ధనము కూడబెట్టుట తగదని తలంచువారు. 1821లో సారా బార్నర్డును వివాహమాడిన కొలదికాలమునకే ఫారడే సంఘము నెదుట తన విశ్వాసము నొప్పుకొనెను. 1840లో సంఘపు పెద్దగా ఎన్నుకొనబడెను. కాని 1844లో సంఘమువారు ఆయనను పెద్దతనమునుండియే కాక సహవాసమునుండియు తొలగించిరి. యూరపుఖండమంతయు గౌరవించు పండితుడు గుప్పెడుమంది విశ్వాసుల తీర్పునకు తలయొగ్గి, వేడుకొని, కొన్ని వారములకు మరల చేర్చుకొనబడెను. పెద్దతనము మాత్రము 1860 వఱకు తిరిగి రాలేదు. అంతకాలము ఆయన సామాన్యసభ్యుల వరుసలోనే కూర్చుండెను. వేఱొక సంఘమును వెదకికొనలేదు.

ప్రకృతిలోని శక్తులన్నియు ఒకే మూలమునుండి వచ్చినవనియు, ఒకదానికొకటి బంధువులనియు ఆయనకు దృఢమైన నమ్మిక. విద్యుత్తునకును అయస్కాంతమునకును చుట్టఱికమున్నట్లు తేలినది. ఇక కాంతి మాట యేమి? కాంతిని ఒకే తలమున కంపించునట్లు చేసి, అయస్కాంతముల నడుమ అనేక పదార్థములగుండా పంపి చూచెను. ఏమియు మార్పు కానరాలేదు. తుదకు దూరదర్శినుల కొఱకు తానే యెన్నో యేండ్ల క్రిందట తయారుచేసి, ఆ పనికి అంతగా అక్కఱకు రాక మిగిలిన సీసపు గాజు ముక్కను తీసెను. 1845 సెప్టెంబరు 13వ తేదీన, అయస్కాంతపు బలమునకు ఆ గాజులోని కాంతి యొక్క కంపనతలము ఒకింత తిరిగెను.

ఆ నవంబరులో అదే గాజును దారముతో అయస్కాంత ధ్రువముల నడుమ వ్రేలాడగట్టగా, అది ఇనుమువలె ధ్రువములవైపు తిరుగక అడ్డముగా నిలిచెను. బిస్మతు లోహము, కొయ్య, రొట్టె, ఆపిలు పండు, మాంసము సయితము పరీక్షించెను; అవియు అట్లే చేసెను. అయస్కాంతమునకు లోబడునవి ఇనుము మొదలగు కొన్ని లోహములు మాత్రమే యను పాతతలంపు దీనితో తొలగిపోయెను.

ఇక మిగిలినది గురుత్వాకర్షణము. రాతిని నేలకు లాగు ఆ బలమునకును విద్యుత్తునకును సంబంధము లేకుండునా? 1849లో ఉపన్యాసశాల పైకప్పునుండి తీగెచుట్టను క్రిందికి జారవిడిచి, దాని కొనలను గాల్వనోమీటరునకు కలిపి చూచెను. ముల్లు ఒకటి రెండుమార్లు కదలెను. ఎవరైనను ఉప్పొంగవలసిన క్షణమది. ఆయన ఉప్పొంగలేదు. కదలికకు కారణము భూమి యొక్క అయస్కాంతత్వమున తీగెలు ఊగుటయేనని కనిపెట్టి, ఆ దోషమును తొలగించెను. ముల్లు నిలిచిపోయెను. ఫలితము శూన్యమని 1850లో రాయల్ సొసైటీ యెదుట తానే చదివెను. విజయమును చాటుట కంటె ఇది కష్టమని నా యభిప్రాయము.

అంతటితో విడువలేదు. 1859లో, అఱువదియెనిమిదవ యేట, థేమ్సు నదీతీరమున తుపాకిగుండ్లు పోయు ఎత్తైన గోపురమున బరువైన సీసపు దిమ్మెలను ఎక్కించి దించి మరల పరీక్షించెను. మరల శూన్యమే. దానినిగూర్చి వ్రాసిన పత్రమును ప్రచురింపకుండుట మేలని స్టోక్సు పండితుడు సలహా నీయగా మాఱు పలుకక వెనుకకు తీసికొనెను.

ఆ చుట్టఱికము ఆయన వెదకిన రూపమున నేటికిని దొరకలేదు. అయినను ఒక చిత్రము జరిగినది. గురుత్వము తరంగములుగా వ్యాపించునని ఐన్‌స్టీను 1916లో గణితముచే చూపెను. 2015 సెప్టెంబరు 14వ తేదీన అమెరికాలోని హాన్‌ఫర్డు, లివింగ్‌స్టను అను రెండు చోట్ల, నాలుగేసి కిలోమీటర్ల చేతులుగల లైగో యంత్రములు అట్టి తరంగమును మొదటిసారి పట్టినవి. ఆ యంత్రములలో లేజరు కాంతి ముందునకు పోవలెనే గాని, అద్దములనుండి మఱలి లేజరును చేరి దానిని కలతపెట్టరాదు. ఇందులకై దారిలో అయస్కాంతము నడుమ నొక స్ఫటికము నుంచి, కాంతి తలమును త్రిప్పి, మఱలివచ్చు వెలుగును ప్రక్కకు మళ్లింతురు. దాని పేరు ఫారడే ఐసొలేటరు. 1845లో గాజుముక్కలో కనబడినదే దానికి ఆధారము. ఆ గాజుముక్క దినమునకు సరిగా నూట డెబ్బదియేండ్లు నిండిన మఱునాడే ఆ తరంగము దొరకినది. తేదీలు సరిచూచి నేనే ఆశ్చర్యపడితిని.

కడపటి యేండ్లలో ఫారడేకు జ్ఞాపకశక్తి మిక్కిలి సన్నగిల్లెను. సర్ బిరుదమును, రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని అంతకు మునుపే వలదనెను. రాణిగారిచ్చిన హాంప్టను కోర్టు గృహములో, 1867 ఆగస్టు 25వ తేదీన, చదువుగదిలో కుర్చీయందు కూర్చుండియే కన్నుమూసెను. హైగేటు శ్మశానమున ఆయన సమాధిరాతిమీద పేరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ మాత్రమే చెక్కబడియున్నవి.