డీజిల్ అనేది ఒక మనిషి పేరు



మన గోడపత్రికలో మహనీయుల జీవితాలు రాసే మూల ఒకటుంది గదా. అక్కడ గాంధీగారి గురించి, అంబేద్కర్ గారి గురించి, అల్లూరి సీతారామరాజు గురించి చాలామంది రాసినారు. ఈసారి నేను రాసే మనిషి పేరు మీరందరూ రోజూ పలుకుతానే ఉంటారు. బంకు దగ్గర లారీవాళ్ళు పలుకుతారు, దుక్కి దున్నే ట్రాక్టరు వాళ్ళు పలుకుతారు. కానీ అది ఒక మనిషి పేరని చాలామందికి తెలియదు. ఆయనే రుడాల్ఫ్ డీజిల్. ఆయన కనిపెట్టిన ఇంజనుకు ఆయన పేరే పెట్టినారు. ఆ ఇంజను తాగే నూనెకు కూడా అదే పేరు వచ్చేసింది.

ఈయన మీద నాకు ఆసక్తి ఎట్లా కలిగిందో చెప్తాను. మా మేనమామకు పుంగనూరులో ఒక పాత డీజిల్ అంబాసిడర్ కారు ఉంది. పెళ్ళిళ్ళకు, ఆస్పత్రులకు, మదనపల్లెకు బాడిగకు తిప్పుతాడు. ఒక్కోసారి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా పోతాడు. ఆ కార్లు తయారుచేసే బెంగాల్లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లో పని ఆగిపోయింది. పాత బండికి షెడ్డులో డబ్బులు పెట్టే స్తోమత మామకు లేదు. అందుకని ఇంటి ముందర వేపచెట్టు కింద తానే రిపేరు చేసుకుంటాడు. సెలవులకు పోయినప్పుడు స్పానర్లు అందించేది నేనే. ఈ ఇంజను ఎవరు కనిపెట్టినారు మామా అని అడిగితే ఆయనకు తెలియలేదు. సరే, నేనే పుస్తకాలు వెతికి చదివినాను.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో పుట్టినాడు. తల్లిదండ్రులు జర్మనీ వాళ్ళు. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టేవాడు, తోలు సామాన్లు చేసేవాడు. చేతిపని మీద బతికే కుటుంబం. 1870లో ఫ్రాన్సుకు, జర్మనీ వాళ్ళకు యుద్ధం వచ్చింది. ఫ్రాన్సులో ఉండే జర్మన్లందరూ వెళ్ళిపోవాల్సి వచ్చింది. డీజిల్ కుటుంబం ఇల్లు వదిలి లండన్‌కు చేరింది. అక్కడ గడవక, 12 ఏళ్ళ కొడుకును ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ఊరికి పంపినారు. అక్కడ బంధువుల ఇంట్లో ఉండి చదువుకున్నాడు. ఆ ఇంటాయన లెక్కల మాస్టరు. మనం ట్రంకుపెట్టె ఎత్తుకుని హాస్టలుకు వచ్చిన వయసే గదా అది! అమ్మానాయనలకు దూరంగా ఉండి చదవడం ఎట్లుంటుందో మనకు వేరే చెప్పాల్సిన పని లేదు.

14 ఏళ్ళకే నేను ఇంజనీరు అవుతానని ఇంటికి జాబు రాసినాడు. బాగా చదివి స్కాలర్‌షిప్పు తెచ్చుకున్నాడు. మ్యూనిక్ నగరంలోని పెద్ద సాంకేతిక కళాశాలలో చేరినాడు. 1879లో టైఫాయిడ్ జ్వరం వచ్చి పరీక్ష రాయలేకపోయినాడు. అయినా వదల్లేదు. మళ్ళీ రాసి 1880 జనవరిలో చాలా మంచి మార్కులతో పాసైనాడు.

ఆ కళాశాలలో కార్ల్ ఫాన్ లిండే అనే ప్రొఫెసరు ఉండేవాడు. ఆవిరి యంత్రంలో వంద పాళ్ళ బొగ్గు వేడి ఇస్తే పది పాళ్ళు కూడా పనికి రావడం కష్టమని, మిగతాదంతా గాలిలో కలిసిపోతుందని ఆయన పాఠంలో చెప్పినాడు. అది డీజిల్ మనసులో ముల్లులాగా గుచ్చుకుంది. ఇంత వేడి వృథా కాకుండా పని చేసే ఇంజను చేయాలనే పట్టుదల అప్పుడే పుట్టింది.

ఇంకొక సంగతి వినండి, ఇది మనవాళ్ళకు చాలా నచ్చుతుంది. మలయా, బర్మా వైపు అడవుల్లో ఉండే గిరిజనులు పూర్వం అగ్గిపెట్టె లేకుండా నిప్పు పుట్టించేవాళ్ళు. ఒక సన్నటి వెదురు గొట్టం, అందులో బిగువుగా పట్టే ఒక కడ్డీ. కడ్డీ కొనకు కొంచెం దూదిలాంటిది పెట్టి టపీమని లోపలికి కొడితే, గాలి నలిగి వేడెక్కి దూది అంటుకుంటుంది. అట్లాంటి గొట్టాన్నే డీజిల్ విద్యార్థిగా ఉన్నప్పుడు చూసినాడని చెప్తారు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం పట్టుకుని చూడండి, వేడిగా ఉంటుంది. అదీ ఇదీ ఒకటే సూత్రం. అడవి మనుషులకు ఎప్పుడో తెలిసిన విద్యే ఈరోజు లారీలను నడిపిస్తా ఉంది.

పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ కొడితే పెట్రోలు అంటుకుంటుంది. డీజిల్ ఇంజనులో ఆ నిప్పురవ్వ అవసరం లేదు. పిస్టన్ పైకి వస్తా సిలిండర్లో ఉండే గాలిని నొక్కుతుంది. పాత డీజిల్ కార్లలో ఆ గాలి దాదాపు ఇరవయ్యో వంతుకు కుంచించుకుపోతుంది. అప్పుడు వేడి 500 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో డీజిలును పొగమంచులాగా చిమ్మితే చాలు, దానంతటదే భగ్గుమంటుంది. గాలి, బిగువు, సమయానికి చిమ్మే నూనె. ఈ మూడూ ఉంటే ఇంజను ఆడుతుంది.

చెప్పడం సులభం, చేయడమే కష్టం. డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. 1893లో ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీలో మొదటి ఇంజను తయారైంది. ఆ సంవత్సరం ఆగస్టు 10న పరీక్ష చేసినారు. లోపల పేలుడు పుట్టి, ఒత్తిడి కొలిచే సాధనం ముక్కలై ఎగిరిపోయింది. డీజిల్ మాత్రం సంతోషపడినాడు. ఎందుకంటే నలిగిన గాలే నూనెను అంటిస్తుందని రుజువైంది గదా. ఇంజను విప్పి, మార్చి, మళ్ళీ బిగించినారు. 1894 ఫిబ్రవరి 17న అది తన శక్తితో తాను ఒకే ఒక్క నిమిషం తిరిగింది. ఒక్క నిమిషం! దాని తర్వాత ఇంకో మూడేళ్ళు విప్పడం, సరిచేయడం, బిగించడం. 1897 ఫిబ్రవరిలో ఒక ప్రొఫెసరు వచ్చి అధికారికంగా కొలిచినాడు. వంద పాళ్ళ వేడిలో 26 పాళ్ళు పనికి వస్తా ఉన్నాయని తేలింది. ప్రపంచంలో అప్పటి ఏ ఇంజనూ అంత పొదుపుగా పని చేయలేదు.

ఆ ఇంజను దాదాపు మూడు మీటర్ల ఎత్తు ఉండేది. చిన్న చేతిపనివాళ్ళకు కూడా అందే ఇంజను చేయాలని డీజిల్ కోరిక. కానీ ముందు కొనుక్కున్నది పెద్ద ఫ్యాక్టరీలు, ఓడల కంపెనీలు. నూనెను చిమ్మడానికి అప్పట్లో పెద్ద గాలి కంప్రెసరు కావాల్సి వచ్చేది, అది కారులో పట్టదు. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ చిన్న నూనె పంపును పెద్ద ఎత్తున తయారుచేసింది. 1936లో మెర్సిడెస్ కంపెనీ డీజిల్ కారును అమ్మకానికి పెట్టింది. డీజిల్ అది చూడలేదు. అప్పటికి ఆయన చనిపోయి 23 ఏళ్ళు.

ఇప్పుడు మా మామ రిపేరు గురించి కొంచెం. పెద్ద ఫ్యాక్టరీలో డీజిల్ వెతికిన మూడింటినే వేపచెట్టు కింద మామ కూడా వెతుకుతాడు. ట్యాంకులో డీజిల్ అయిపోతే పైపుల్లోకి గాలి దూరుతుంది, అప్పుడు ఎంత సెల్ఫు కొట్టినా బండి లేవదు. మామ ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూను కొంచెం వదులు చేసి, ఫీడ్ పంపు చేత్తో కొడతాడు. ముందు నురుగు, బుడగలు వస్తాయి. బుడగలు లేని డీజిల్ వచ్చినాక స్క్రూ బిగిస్తాడు. ఫిల్టరు అడుగున నీళ్ళు చేరినాయేమో చూసి వదిలేస్తాడు. చలికాలం పొద్దున బండి లేవకపోతే హీటర్ ప్లగ్గులు చూస్తాడు. టకటకమని శబ్దం వస్తే టాపెట్ సందు కొలుస్తాడు. ఇంజన్ ఆయిలు సమయానికి మారుస్తాడు.

అన్నిటికంటే ముందు పొగ చూస్తాడు. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా నూనె ఎక్కువ పడతా ఉంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే నూనె సరిగా కాలడం లేదు. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిలు కాలిపోతా ఉంది. ఇంజను అబద్ధం చెప్పదు, దాని రోగం పొగలోనే కనపడుతుందని మామ నమ్మకం.

తమ్ముళ్ళకు ఒక జాగ్రత్త. నాజిల్ నుంచి వచ్చే చిమ్ముకు వేలు అడ్డం పెట్టకూడదు. అది చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. జాకీ ఒక్కటే నమ్ముకుని బండి కిందికి దూరకూడదు. పెద్దవాళ్ళు పక్కన లేకుండా ముట్టుకోవద్దు.

మళ్ళీ డీజిల్ కథకు వస్తాను. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఇంజనుకు అత్యున్నత బహుమతి వచ్చింది. అక్కడ ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించినారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టూ ఉండే మన చెనిక్కాయల చేన్లు గుర్తుకు రావడం లేదా? మొక్కల నూనెలతో కూడా ఇంజన్లు నడిచే రోజు వస్తుందని డీజిల్ తర్వాత రోజుల్లో గట్టిగా నమ్మినాడు. (అట్లని ఇంట్లో నూనె తీసి కారులో పోయకండి. చిక్కటి నూనెకు నాజిళ్ళు పూడిపోతాయి.)

పేరు వచ్చింది, డబ్బు వచ్చింది. మ్యూనిక్‌లో రాజభవనం లాంటి ఇల్లు కట్టినాడు. కానీ లోపల ఆయన బాగా నలిగిపోయినాడు. పేటెంటు తగాదాలు, విరామం లేని పని. 1898లో నరాల జబ్బు చేసి నెలల తరబడి చికిత్స తీసుకున్నాడు. స్థలాల వ్యాపారంలోనూ మరికొన్నిటిలోనూ పెట్టిన డబ్బు పోయింది. అప్పులు పెరిగినాయి. బయటికి మాత్రం కోటీశ్వరుడి లాగానే కనిపించినాడు. పరిస్థితి ఎంత చెడిపోయిందో భార్యా పిల్లలకు కూడా తెలియనివ్వలేదు.

1913 సెప్టెంబరు 29 రాత్రి ఆయన బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లాండుకు డ్రెస్డెన్ అనే ఓడలో బయలుదేరినాడు. తోటివాళ్ళతో కలిసి భోజనం చేసి తన గదికి పోయినాడు. పొద్దున లేపడానికి పోతే గదిలో మనిషి లేడు. పక్క నలగలేదు. టోపీ, కోటు ఓడ పైభాగంలో దొరికినాయి. పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవ వాళ్ళకు సముద్రంలో ఒక శవం కనిపించింది. జేబులోని వస్తువులు చూసి ఆయన కొడుకు తన తండ్రివేనని గుర్తుపట్టినాడు. భార్యకు ఇచ్చిపోయిన సంచిలో కొంత డబ్బు, ఖాతాలు ఖాళీ అని తెలిపే కాగితాలు దొరికినాయి. ప్రమాదమా, ప్రాణం తీసుకున్నాడా, ఎవరైనా చంపినారా అనేది ఈనాటికీ తేలలేదు. ఎక్కువమంది అప్పుల బాధే కారణమంటారు. అప్పటికి ఆయన వయసు 55.

ఈ భాగం చదివినప్పుడు నాకు మన తండాలే కళ్ళ ముందు మెదిలినాయి. మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర పడిపోయిన సంవత్సరం కోత కూలి కూడా రాదు. వడ్డీ మాత్రం ఆగదు. ఆ రోజుల్లో మన నాయనలు మాట్లాడరు. గడప మీద కూర్చుని నేల చూస్తా ఉంటారు. మనం కూడా హాస్టల్లో అంతే. ఇంటి సంగతి తోటివాళ్ళకు తెలిస్తే నామోషీ అనుకుంటాం. రాత్రి దుప్పటి ముసుగు పెట్టుకుంటాం.

ఇంజను లోపల ఏం తప్పు జరుగుతా ఉందో కనిపెట్టడంలో డీజిల్ కంటే మొనగాడు లేడు. ఒక్క నిమిషం తిరిగిన ఇంజనును మూడేళ్ళు ఓపికగా బాగు చేసినాడు. అప్పుడు ఆయన పక్కన ఫ్యాక్టరీ మనుషులుండినారు, ప్రతి లోపం నలుగురికీ తెలిసేది, నలుగురూ చెయ్యి వేసేవాళ్ళు. తన బతుకులో లోపం వచ్చినప్పుడు మాత్రం ఎవ్వరికీ చూపించలేదు. అక్కడే ఓడిపోయినాడని నాకు అనిపిస్తుంది. అప్పు అవమానం కాదు. పాత బండికి రిపేరు రావడం ఎంత మామూలో, పేద ఇంటికి కష్టం రావడం అంత మామూలు. పొగ బయటికి రావాలి. వస్తేనే చూసేవాళ్ళకు తెలిసేది, బాగు చేసేది.

కాబట్టి మిత్రులారా, ఇంటి దగ్గర కష్టంగా ఉందని తెలిస్తే, మనసు బాగాలేకపోతే, కనీసం ఒక్కరికి చెప్పండి. పక్క మంచం మిత్రుడికైనా సరే, సార్‌కైనా సరే. సెలవులకు పోయినప్పుడు నాయన పక్కన కూర్చుని మాట్లాడించండి. వార్డెన్ సార్లకు ఒక విన్నపం. ఎవరైనా రెండు పూటలు అన్నం సరిగా తినకపోతే తిట్టకుండా ఒకసారి పిలిచి అడగండి సార్. మాకు అదే చాలు.