మెట్రిక్ తప్పిన పిల్లగాడు, మన నీలం మాత్ర



వారానికి ఒకసారి మనకు ఇచ్చే నీలం మాత్రలో ఏముంటదో మీకు తెలుసా? రెండు మందులు ఉంటయి. ఒకటి ఇనుము. రెండోది ఫోలిక్ యాసిడ్. ఈ రెండో దాని వెనుక ఒక తెలుగు ఆయన కష్టం ఉంది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పైసలకు కష్టం. చదువు వదిలి, కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదించాలని చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయారు. ఇంటివాళ్లు పట్టుకొని తెచ్చారు. వాళ్ల అమ్మ వెంకమ్మ గారు నగలు అమ్మి చదివించారు. అయినా మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పారు! మూడోసారి పాసయ్యారు.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ గారి మాట విని ఖద్దరు వేసుకున్నందుకు ఒక ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రావాల్సింది, దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. డిగ్రీ ఇచ్చారు.

ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలోనే చనిపోయారు. ఆ జబ్బు వస్తే తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతది. అప్పుడు దానికి మందు లేదు.

1923లో సుబ్బారావు గారు అమెరికాలోని బోస్టన్‌కు పోయారు. బతకడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు చదివారు. డాక్టర్ చదివి కూడా ఆ పనికి సిగ్గుపడలేదు. 1929లో ఫిస్క్ అనే ఆయనతో కలిసి మన కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుక్కున్నారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా కనుక్కున్నారు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన జట్టు 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారు చేసింది. అది స్ప్రూ జబ్బుకు మందైంది. కానీ అన్నదమ్ములు పోయి అప్పటికి ఎన్నో ఏండ్లు అయింది.

బోదకాలుకు ఇచ్చే డీఈసీ మందు, 1948లో వచ్చిన ఆరియోమైసిన్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఇవన్నీ ఆయన నడిపించిన ల్యాబు నుండే వచ్చినయి.

1948 ఆగస్టులో అమెరికాలోనే చనిపోయారు. వయసు 53. మళ్లీ మన దేశం రానేలేదు. ఆయన భార్య శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూసి ఉండిపోయారు. ఇది తెలిసినప్పుడు నాకు చాలా బాధైంది. 1995లో మన దేశం ఆయన బొమ్మతో పోస్టల్ స్టాంపు వేసింది.

ఇదంతా ఎందుకు రాస్తున్ననంటే, ఈసారి నాకు లెక్కల్లో 11 మార్కులే వచ్చినయి. మా యాడికి, బాపుకు సంతకం రాదు. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. చదువు రాకపోతే పత్తి ఏరడానికి వచ్చెయ్యమని బాపు అన్నడు. ఆ రాత్రి దుప్పటి కప్పుకొని ఏడ్సిన. కానీ సుబ్బారావు గారు రెండుసార్లు తప్పిండ్రు కదా. నేను తప్పింది ఒక్కసారే. బాపుకు ఈ కథ చెప్పిన. ఇంకో పరీక్ష చూద్దామన్నడు.

ఇంకో మాట. పోయిన నెల నేను మాత్రను కిటికీలోంచి పారేసిన. మేడమ్, తప్పయింది. ఇకనుంచి మింగుత.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, మోతె