తల ఎందుకు తిరుగుతుంది? చెవిని అడిగిన డాక్టర్

పిల్లలు గిరగిరా తిరిగి ఆగినప్పుడు గది అంతా తిరుగుతోందంటూ కూలబడి నవ్వుతారు. మనం ఆగిపోయాక కూడా తల ఎందుకు తిరుగుతుందని మొన్న సైన్స్ పీరియడ్‌లో ఒక పాప అడిగింది. కళ్ల వల్లేనని సగం క్లాసు గట్టిగా చెప్పింది. నిజానికి జవాబు చెవిలో ఉంది. దాన్ని డాక్టర్లు పరీక్షించగలిగేలా చేసిన వ్యక్తి రాబర్ట్ బారనీ.

ఆయన 1876లో వియన్నాలో పుట్టారు, ఆరుగురు పిల్లల్లో పెద్దవారు. చిన్నతనంలో ఎముకల క్షయ వచ్చి ఒక మోకాలు బిగుసుకుపోయింది. ఆ కాలితోనే జీవితమంతా టెన్నిస్ ఆడారు, కొండల్లో నడిచారు.

1900లో చదువు పూర్తి చేసి, తర్వాత వియన్నాలోని చెవి వైద్యశాలలో చేరారు. రోగుల చెవులను నీళ్లతో కడగడం అక్కడ మామూలు పని. కడుగుతుంటే కొందరికి తల తిరిగేది, కనుగుడ్లు పక్కకు చకచకా కదిలేవి. ఒకసారి ఒక రోగి నీళ్లు చల్లగా ఉన్నాయన్నారు. సరేనని వేడి నీళ్లు వాడితే మళ్లీ తల తిరిగింది, కానీ ఈసారి కళ్లు కదిలే దిక్కు మారింది! ఇంకొకరైతే రోగికి సర్దిచెప్పి పంపేసేవారేమో. బారనీ దాని వెంట పడ్డారు.

లోపలి చెవిలో, మనకు శబ్దం వినిపించే నత్తగుల్ల ఆకారం పక్కనే, ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. తల తిప్పితే ఆ ద్రవం కదలిక మెదడుకు తెలుస్తుంది. చల్లదనానికి ద్రవం బరువెక్కి కిందికి దిగుతుంది, వేడికి తేలికై పైకి వెళుతుంది. తల కదలకపోయినా కదిలిందని మెదడు నమ్మేస్తుంది. పాప ప్రశ్నకు జవాబూ ఇక్కడే ఉంది: మనం ఆగినా ద్రవం వెంటనే ఆగదు. ఏ చెవిలో లోపం ఉందో తెలుసుకోవడానికి ఇ.ఎన్.టి. డాక్టర్లు ఈ పరీక్షను నేటికీ చేస్తున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సర్జన్‌గా వెళ్లిన బారనీ రష్యన్లకు బందీగా చిక్కారు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి తనకు వచ్చిందన్న వార్త ఆయన విన్నది ఖైదీల శిబిరంలో! స్వీడన్ రాకుమారుడు కార్ల్ రెడ్‌క్రాస్ తరఫున జార్ చక్రవర్తితో మాట్లాడాక 1916లో విడుదలయ్యారు.

ఊరికి తిరిగొస్తే పూలదండలు వేస్తారనుకుంటాం కదా. వియన్నాలోని తోటి డాక్టర్లు మాత్రం, ఇతరుల పరిశోధనలను ఆయన సరిగా ప్రస్తావించలేదని తప్పుపట్టారు. ఆ నాళాల పని గురించి ముందే రాసినవారు ఉన్న మాట నిజమే. కానీ చెంబెడు నీళ్లతో దాన్ని రోగి దగ్గర పరీక్షగా నిలబెట్టింది ఈయనే అని నాకనిపిస్తుంది. మనసు విరిగి 1917లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. అక్కడే ప్రొఫెసర్‌గా ఉండి, 1936 ఏప్రిల్‌లో, అరవయ్యో పుట్టినరోజుకు రెండు వారాల ముందు కన్నుమూశారు. ఇద్దరు కొడుకులూ వైద్యరంగంలోకే వెళ్లారు.