ఒడి నిండని నీలోఫర్, వేల తల్లుల దవాఖానా

మేడ్చల్, షామీర్‌పేట్ ప్రాంతాల ముస్లిం ఇళ్ళలో కోడలికి నెలలు నిండుతున్నాయంటే ఒక పేరు తప్పక వినిపిస్తుంది. కాన్పు కష్టమయ్యేలా ఉందని డాక్టరమ్మ చెప్పినా, పుట్టిన పసికందు బరువు తక్కువగా ఉన్నా పెద్దలు తలచుకునే చోటు నీలోఫర్. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఉన్న సర్కారు దవాఖానా అది. ఆ పేరు ఒక మనిషిదని కొందరికి తెలుసు. ఆమె ఎవరో, ఆ దవాఖానా ఎందుకు వెలసిందో తెలిసినవారు మాత్రం తక్కువ. తల్లులకూ పసిబిడ్డలకూ నీడ అయిన ఆ దవాఖానాకు పేరునిచ్చిన మహిళ తాను మాత్రం తల్లి కాలేదు. ఆమె జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము. తొలి బిడ్డ కోసం ఎదురుచూస్తున్న ఇంటికీ, ఎదురుచూసి అలసిన ఇంటికీ ఇందులో పాఠం ఉంది.

ఇస్తాంబుల్ నుంచి హైదరాబాదుకు

నీలోఫర్ 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లో జన్మించారు. తల్లి ఆదిలా సుల్తాన్ ఉస్మానియా రాజవంశానికి చెందినవారు. సుల్తాన్ ఐదవ మురాద్ ఈమెకు తల్లి తరఫున ముత్తాత. నీలోఫర్‌కు రెండేళ్ళ వయసులోనే తండ్రి మరణించారు. 1924 మార్చిలో తుర్కీ ప్రభుత్వం ఖిలాఫత్‌ను రద్దు చేసి, ఉస్మానియా వంశీకులందరినీ దేశం విడిచి వెళ్ళమని ఆదేశించింది. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్ళు. తండ్రిలేని ఆ పాప తల్లితో కలిసి ఫ్రాన్సు దక్షిణ తీరంలోని నీస్ పట్టణం చేరింది. చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కూడా అక్కడే తలదాచుకున్నారు. హైదరాబాదు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనకు నెలనెలా భత్యం పంపేవారు.

ఆ అనుబంధమే వియ్యానికి దారితీసింది. 1931 నవంబరు 12న నీస్‌లో ఒకే రోజు రెండు నికాహ్‌లు జరిగాయి. నిజాం పెద్ద కుమారుడు ఆజం జాహ్‌కు ఖలీఫా కుమార్తె దుర్రె షెహ్వార్‌తో, రెండవ కుమారుడు ముఅజ్జం జాహ్‌కు నీలోఫర్‌తో వివాహమైంది. మొజంజాహీ మార్కెట్ పేరు ఈ రెండవ కుమారుడిదే. పెళ్ళినాటికి నీలోఫర్‌కు పదహారేళ్ళు కూడా నిండలేదు. భాష వేరు, వాతావరణం వేరు, వంట వేరు అయిన హైదరాబాదుకు ఆమె కోడలిగా వచ్చారు. నౌబత్ పహాడ్ దగ్గరి హిల్ ఫోర్ట్ ప్యాలెస్ ఆమె అత్తిల్లయింది.

పదిహేడేళ్ళ ఎదురుచూపు

పెళ్ళయిన ఏడాదికే కోడలి వైపు అందరూ ఓరగా చూడటం మన ఇళ్ళలో మామూలే. విశేషం ఏమైనా ఉందా అని చుట్టాలు ఆరా తీస్తారు. నిజాం గారిల్లు అయినంత మాత్రాన ఈ లోకరీతి మారిపోతుందా? పైగా అది వారసుల కోసం కళ్ళు కాయలు కాసేలా చూసే వంశం. 1933 అక్టోబరులో తోటికోడలు దుర్రె షెహ్వార్‌కు తొలి కుమారుడు ముకర్రం జాహ్ పుట్టాడు. 1939లో రెండవ కుమారుడు ముఫఖ్ఖం జాహ్ పుట్టాడు. ఇద్దరి నికాహ్‌లూ ఒకే రోజు అయినవి. ఒక ఒడి రెండుసార్లు నిండింది, రెండవ ఒడి నిండలేదు. ఏడాది తరువాత ఏడాది గడిచిపోయింది.

ఈ పరిస్థితిలో ఉన్న ఆడబిడ్డకు మన ధర్మం ఏం చెబుతుందో ఇక్కడ గుర్తుచేయాలి. అల్లాహ్ తాను కోరినవారికి కుమార్తెలను, కోరినవారికి కుమారులను ఇస్తాడని, కొందరికి ఇద్దరినీ ఇస్తాడని, కొందరికి సంతానమే లేకుండా ఉంచుతాడని ఖుర్ఆన్ ‘అష్షూరా’ సూరా చివరి భాగంలో తెలుపుతుంది. నాలుగూ ఆయన నిర్ణయాలే. నాలుగవది శిక్ష అని అక్కడ ఎక్కడా లేదు. హజ్రత్ జకరియా (అలై) తల నెరసేవరకు బిడ్డ కోసం ఎదురుచూశారు. ఆయన మెల్లని స్వరంతో తన ప్రభువును వేడుకున్నారే తప్ప భార్యను నిందించలేదు. మన తల్లి హజ్రత్ ఆయిషా (రజి)కి సంతానం కలగలేదు. దైవప్రవక్త (సఅసం) ఆమెకు ఉమ్మె అబ్దుల్లాహ్ అనే పిలుపునిచ్చారు. ఆ అబ్దుల్లాహ్ ఆమె అక్క హజ్రత్ అస్మా (రజి) కుమారుడు. నిండు గర్భంతో హిజ్రత్ చేసిన అస్మా (రజి) ఖుబాలో అతడిని కన్నారు. మదీనాకు వలస వచ్చిన ముహాజిర్ల ఇళ్ళలో పుట్టిన తొలి బిడ్డ అతడే. అక్క ఒడి నిండినప్పుడు చెల్లెలిని ఎవరూ చిన్నచూపు చూడలేదు. ఆ బిడ్డ పేరుతోనే ఆమెను తల్లీ అని పిలిచారు. విశ్వాసుల ఇల్లు అలా ఉండాలి.

పిల్లలు లేరన్న బాధను తలుపు వేసుకుని మోయడం ఒక పద్ధతి. నీలోఫర్ ఆ దారి పట్టలేదు. నగరంలోని స్త్రీల సంఘమైన లేడీ హైదరీ క్లబ్‌లో సభ్యురాలయ్యారు. ఊరిలో జరిగే మంచి పనులకు వెళ్ళివచ్చేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నర్సు శిక్షణ పొంది సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్నారు. మహలులో పుట్టి మహలులో మెట్టిన మనిషి రోగి మంచం పక్కన నిలబడటం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో నేర్చిన ఆ విద్య ఊరకే పోలేదని తరువాత తెలిసింది.

1948లో ముఅజ్జం జాహ్ రెండవ వివాహం చేసుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిపోయింది. ఇంట్లోనూ బయటా నీలోఫర్‌కు తెలిసిన లోకం మారిపోయింది.

రఫతున్నీసా మరణం

1949లో ఆమె జీవితాన్ని కుదిపిన సంఘటన జరిగింది. ఆమె దగ్గర పనిచేసే రఫతున్నీసా బేగం కాన్పులో మరణించింది. నీలోఫర్‌కు ఎంతో ఇష్టమైన పనిమనిషి ఆమె.

పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ ఇంట్లో ఎదురుచూపులు రెండు. యజమానురాలు ఏళ్ళ తరబడి బిడ్డ కోసం ఎదురుచూసింది, బిడ్డ రాలేదు. పనిమనిషికి ఆ భాగ్యం కలిగింది, కాని సరైన సమయానికి తగిన వైద్యం అందక ఆమె ప్రాణమే పోయింది. సంతానం లేని స్త్రీకి ఇతరుల కాన్పు కబురు గుండెలో ముల్లులా గుచ్చుకోవడం సహజం. నీలోఫర్ గుండెలో గుచ్చుకున్నది అసూయ కాదు, రఫత్ మరణం. తనకు దక్కనిది ఇంకొక తల్లికి దక్కి కూడా చేజారిపోవడం ఆమె భరించలేకపోయారు.

అప్పట్లో హైదరాబాదులో దవాఖానాలు లేవని కాదు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖానా ఉంది. మూసీ ఒడ్డున స్త్రీల కోసం విక్టోరియా జనానా దవాఖానా ఉంది. అయినా పెరుగుతున్న నగరానికి అవి చాలేవి కావు. పేదింటి ఆడవారికి దాయీ చేతిలో ఇంట్లోనే కాన్పు. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తం ఆగకపోయినా దాయీ చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. నీలోఫర్ ఈ విషయాన్ని మామగారు ఉస్మాన్ అలీ ఖాన్ ముందుంచారు. తల్లులకు, పిల్లలకు ప్రత్యేకంగా ఒక దవాఖానా కావాలన్నది ఆమె కోరిక. ఆ ప్రయత్నం ఫలించింది. రెడ్‌హిల్స్‌లో కట్టిన దవాఖానా 1953 నాటికి సేవలు మొదలుపెట్టింది. తరువాత అది ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధ బోధనాసుపత్రిగా ఎదిగింది. నేడు తెలంగాణ జిల్లాల నుంచే కాక పొరుగు రాష్ట్రాల నుంచి కూడా పసిబిడ్డలను అక్కడికి తీసుకువస్తారు.

దవాఖానా తలుపులు తెరుచుకునే నాటికి ఆమె వైవాహిక జీవితం ముగిసిపోయింది. 1952లో ముఅజ్జం జాహ్‌తో విడాకులయ్యాయి. తరువాత ఆమె ఐరోపాలోనే జీవించారు. 1989 జూన్ 12న ప్యారిస్‌లో కన్నుమూశారు. ఆ నగరం శివారులోని బోబిన్యీ ముస్లిం ఖబరస్తాన్‌లో ఆమెను ఖననం చేశారు. ఆమె కడుపున పుట్టిన బిడ్డ ఒక్కరూ లేరు. మన మధ్య మాత్రం ఆమె పేరు ప్రతి రోజూ వినిపిస్తూనే ఉంది.

మన ఇళ్ళకు ఏమి మిగిలింది

ఒక ప్రాణాన్ని కాపాడినవారు సమస్త మానవాళి ప్రాణాలను కాపాడినవారితో సమానమని ఖుర్ఆన్ భావం. కాన్పులో మరణించే స్త్రీకి షహీద్ స్థానం ఉందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. ఈ రెండింటినీ కలిపి చదువుకోవాలి. కొందరు రెండవదాన్ని మాత్రం పట్టుకుని, పోయింది కదా, షహీద్ అయింది, అల్లాహ్ ఇష్టం అని సరిపెట్టుకుంటారు. ఆ హదీసు చనిపోయిన తల్లికి గౌరవం, మిగిలినవారికి ఓదార్పు. నిర్లక్ష్యం చేసినవారికి అది సాకు కాదు. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త (సఅసం) బోధన మన ఇంటి గర్భిణీ స్త్రీకి కూడా వర్తిస్తుంది.

తొలి కాన్పు ఉన్న ఇంట్లో ఏం చేయాలి? నెల తప్పిందని తెలియగానే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించాలి. చెప్పిన తేదీకి పరీక్షలకు తీసుకువెళ్ళాలి. రక్తపోటు, రక్తహీనత చూపించుకోవాలి. ఐరన్ మాత్రలు తెచ్చి అల్మారాలో పెట్టడం కాదు, మింగుతుందో లేదో చూడాలి. ఊరి ఆశా కార్యకర్త ఇంటికి వస్తే గుమ్మం నుంచే పంపించేయకూడదు. తావీజు కోసం ఎంత దూరమైనా వెళ్ళేవారు పరీక్షకు వెళ్ళడానికి తీరిక లేదనడం విచారకరం.

రక్తం కనిపించినా, ముఖం, చేతులు ఉబ్బినా, తలనొప్పి తీవ్రమై చూపు మసకబారినా, మూర్ఛ వచ్చినా, ఉమ్మనీరు పోయినా, కడుపులో బిడ్డ కదలిక తగ్గినా క్షణం ఆలస్యం చేయకూడదు. అత్తగారు వచ్చాక చూద్దాం, తెల్లవారాక చూద్దాం అనుకునే ఆ గంటల్లోనే ప్రాణాలు పోతాయి. మేడ్చల్ నుంచి గాని, షామీర్‌పేట్ నుంచి గాని రెడ్‌హిల్స్ చేరడానికి నగరం మొత్తం దాటాలి. అందుకే ఏ దవాఖానాకు వెళ్ళాలి, రక్తం ఎవరిస్తారు, వెంట ఎవరుంటారు అన్నది ఎనిమిదో నెలలోనే తేల్చుకోవాలి. 108 నంబరు ఇంట్లో అందరికీ, చదువురాని నానమ్మకు కూడా తెలిసి ఉండాలి.

భర్తలకు ఒక మాట. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటిపనుల్లో భార్యలకు చేయూతనిచ్చేవారు. నీళ్ళ బిందె మోయడం, దుప్పట్లు ఉతకడం మగవాడి పరువు తీయవు. తల్లి కష్టంపై కష్టం ఓర్చి బిడ్డను మోస్తుందని ఖుర్ఆన్ చెప్పింది. ఆ కష్టాన్ని పెంచేవారిగా మనం ఉండకూడదు. రమజాన్‌లో ఉపవాసం వల్ల తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉన్న గర్భిణీకి షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది. ఆ రోజాలను ఆమె తరువాత పూర్తి చేసుకోవచ్చు. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని ఇంటి పెద్దలు తీసివేయరాదు. పుట్టేది ఆడపిల్ల అయితే ముఖాలు చిన్నబుచ్చుకోకూడదు. ఆ అలవాటు అజ్ఞాన కాలపు అరబ్బులదని ఖుర్ఆన్ ఎత్తిచూపింది.

మన ఇంట్లో పనిచేసే ఆడవారి సంగతి కూడా మరువరాదు. మన కోడలికి ఏడో నెల రాగానే బరువులు ఎత్తవద్దంటాము. మన ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు కూడా అదే నెల అయితే ఆమె చేత నీళ్ళు మోయిస్తాము. రఫతున్నీసా ఒక పనిమనిషి. ఆమె మరణం యజమానురాలికి నిద్ర లేకుండా చేసినందువల్లే ఈనాడు మన కోడళ్ళకు ఒక దవాఖానా ఉంది.

ఇక ఎదురుచూపు ఇంకా ముగియని సోదరీమణులకు మేము చెప్పేది ఇదే. వైద్యం చేయించుకోండి, భార్యతో పాటు భర్త కూడా పరీక్ష చేయించుకోవాలి. దుఆ మానకండి. బిడ్డ కలగకపోయినా మీ విలువ ఇసుమంతైనా తగ్గదు. గొడ్రాలు అనే మాటను విశ్వాసుల ఇంటి గుమ్మం దాటి లోనికి రానివ్వకండి. మనిషి మరణించాక కూడా ఆగని పుణ్యాల్లో సంతానం చేసే దుఆ ఒకటి, నిరంతరం సాగే దానం మరొకటి. మొదటిది దొరకనివారికి రెండవ తలుపు తెరిచే ఉంది.

అల్లాహ్ మన ఇళ్ళలోని గర్భిణీ స్త్రీలందరికీ సుఖప్రసవం ప్రసాదించుగాక. సంతానం కోసం వేచి ఉన్నవారి ఒడి నింపుగాక, వారి మనసులకు నెమ్మదినిచ్చుగాక. రఫతున్నీసాను, నీలోఫర్‌ను, కాన్పుల్లో మనల్ని విడిచివెళ్ళిన తల్లులందరినీ తన కారుణ్యంలోకి తీసుకొనుగాక. ఆమీన్.