లయొనెల్ పెన్‌రోజ్: జీవితము, కృషి

ఉన్మాదమును, బుద్ధిమాంద్యమును పూర్వజన్మ కర్మఫలమనియు, గ్రహబాధయనియు లోకము చిరకాలము భావించినది. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున విజ్ఞానశాస్త్రము ఆ స్థానమున వేరొక మాటను ప్రవేశపెట్టెను. అది వంశదోషము. మాట మారినదే గాని రోగికి నింద తప్పలేదు. పూర్వము రోగికి మాత్రమే అంటిన నింద ఇప్పుడు వాని తల్లిదండ్రులకును, తోబుట్టువులకును, పుట్టబోవు సంతతికిని గూడ అంటెను. ఈ నిందలో సత్యమెంత, అసత్యమెంత అని ఓర్పుతో లెక్కవేసి చూచిన శాస్త్రవేత్తలలో అగ్రగణ్యుడు లయొనెల్ షార్పుల్స్ పెన్‌రోజ్.

ఆయన కృషి విలువ తెలియవలెనన్నచో నాటి వాతావరణమును కొంత ఎరుగవలెను. ఇంగ్లండులో సర్ ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో యుజెనిక్సు అను పదమును సృష్టించెను. మేలైన సంతతిని వృద్ధిచేయుట, కొరగాని సంతతిని అరికట్టుట దాని ఆశయము. దీనినే మనవారు సుప్రజనన శాస్త్రమని పిలిచిరి. పశువులను, పైరులను మెరుగుపరచినట్లే మానవజాతిని గూడ మెరుగుపరచవచ్చునను ఈ ఆలోచన గొప్ప విద్వాంసులను సైతము ఆకర్షించెను. అమెరికాలోని ఇండియానా రాష్ట్రము 1907లోనే మందబుద్ధులు మున్నగువారికి నిర్బంధముగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయుటకు శాసనము గావించెను. అట్టి శాసనమొకటి చెల్లునని 1927లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. బ్రిటనులో 1913 నాటి శాసనము మందబుద్ధులను ప్రత్యేక సంస్థలలో నిర్బంధించుటకు అవకాశము కల్పించెను. మందబుద్ధులు, ఉన్మాదులు, నేరస్థులు, దరిద్రులు అందరును ఒకే చెడిన వంశవృక్షమునకు కొమ్మలను నమ్మకము ఆనాడు విద్యావంతులలో సర్వసాధారణము.

పెన్‌రోజ్ 1898 జూన్ 11న లండను నగరమున జన్మించెను. తండ్రి జేమ్స్ డాయిల్ పెన్‌రోజ్ చిత్రకారుడు. తల్లి పెకోవర్ అను సంపన్న బ్యాంకరుల కుటుంబమునకు చెందినది. తమ్ముడు రోలండ్ తరువాతి కాలమున ఆధునిక చిత్రకళలో ప్రసిద్ధుడయ్యెను. ఆ కుటుంబము క్వేకరు మతశాఖకు చెందినది. యుద్ధమున పాల్గొనరాదనునది ఆ శాఖవారి ముఖ్య నియమము. కావున మొదటి ప్రపంచయుద్ధ కాలమున పెన్‌రోజ్ ఆయుధము పట్టక, క్వేకరుల అంబులెన్సు దళమున చేరి ఫ్రాన్సులో గాయపడిన సైనికులకు సేవచేసెను. యుద్ధానంతరము కేంబ్రిడ్జిలోని సెంట్ జాన్స్ కళాశాలలో తర్కమును, మనస్తత్వ శాస్త్రమును అభ్యసించెను. పిమ్మట వియన్నా వెళ్లి అచట ఫ్రాయిడ్ ప్రభృతుల శాస్త్రధోరణిని పరిచయము చేసికొనెను. అయితే మనస్సును గూర్చి మాట్లాడుటకు దేహమును గూర్చిన జ్ఞానము అవసరమని గ్రహించి, 1925లో తిరిగి విద్యార్థియై వైద్యవిద్య నారంభించి 1928లో పూర్తి చేసెను. ఆ సంవత్సరమే మార్గరెట్ లీథ్స్‌ను వివాహమాడెను. ఆమెయు వైద్యవిద్య నభ్యసించినదే. కార్డిఫ్ నగరపు మానసిక వైద్యశాలలో స్కిజోఫ్రీనియా అను ఉన్మాద విశేషమును పరిశీలించి 1930లో ఎం.డి. పట్టము పొందెను.

ఆయన జీవితమున ప్రధాన ఘట్టము కోల్చెస్టర్ పట్టణమున ఆరంభమైనది. అచటి రాయల్ ఈస్టర్న్ కౌంటీస్ సంస్థలో వందలకొలది మందబుద్ధులు నివసించుచుండిరి. వారి స్థితికి కారణమేమి? అది వంశమున వచ్చినదా, లేక జన్మించిన పిమ్మట సంభవించినదా? ఈ ప్రశ్నకు ఉత్తరము కనుగొనుటకై పరిశోధక వైద్యాధికారిగా నియమితుడై, పెన్‌రోజ్ సుమారు ఏడేండ్లు అచట శ్రమించెను. ఒక్కొక్క రోగిని స్వయముగా పరీక్షించుట, తల్లిదండ్రుల వివరములు, తోబుట్టువుల వివరములు సేకరించుట, ఆ కుటుంబములకు పోయి విచారించుట, ఇదియే ఆయన పద్ధతి. వినికిడిని నమ్మి వంశవృక్షములు గీసిన పూర్వుల పద్ధతికి ఇది పూర్తిగా భిన్నము. బుద్ధిబలమును కొలుచుటకు మాటలతో పనిలేని పరీక్షలు కావలసి వచ్చినపుడు, జాన్ రేవెన్ అను మనస్తత్వవేత్తతో కలిసి వాటిని రూపొందించు ప్రయత్నమున పాల్గొనెను. భారతదేశమున విద్యార్థులకును, ఉద్యోగార్థులకును విరివిగా ఉపయోగించిన రేవెన్ మాత్రికల పరీక్ష పుట్టుక అచటనే.

1938లో ప్రకటితమైన కోల్చెస్టర్ నివేదిక 1280 మంది రోగుల చరిత్ర. దాని సారాంశము స్పష్టము. బుద్ధిమాంద్యము ఒక వ్యాధి కాదు. అనేక భిన్న స్థితులకు లోకము పెట్టిన ఒకే పేరు. కొన్నింటికి కారణము జన్యువు. కొన్నింటికి గర్భస్థ శిశువునకు కలిగిన వ్యాధి. కొన్నింటికి ప్రసవకాలపు గాయము. మరికొన్నింటికి అనేక స్వల్ప కారణముల కలయిక. తీవ్రమైన మాంద్యము గల బిడ్డల తల్లిదండ్రులలో అధిక సంఖ్యాకులు సామాన్య బుద్ధి గలవారే. చెడిన వంశము అను ఒకే మాటతో అందరిని చుట్టివేయుట శాస్త్రము కాదని ఆ నివేదిక అంకెలతో నిరూపించెను.

ఈ కృషి నడుమ వెలువడిన రెండు ఫలితములు ప్రత్యేకముగా పేర్కొనదగినవి. మొదటిది, ఆనాడు మంగోలిజమని పిలువబడిన వ్యాధిని గూర్చినది. తల్లి వయస్సా, తండ్రి వయస్సా, బిడ్డ ఎన్నవ కాన్పు అను విషయమా, ఏది దీనికి కారణమో తేలక వైద్యులు వాదించుకొనుచుండిరి. ఈ మూడును కలిసి పెరుగునవే గనుక వాటిని విడదీయుట కష్టము. పెన్‌రోజ్ గణితముతో వాటిని విడదీసి, తల్లి వయస్సే ముఖ్యమనియు, తక్కిన రెండును దాని నీడలు మాత్రమే అనియు 1933లో నిరూపించెను. ఇరువది ఆరేండ్ల పిమ్మట, 1959లో, పారిస్ శాస్త్రజ్ఞులు లెజ్యూన్, గోతియే, తుర్పెన్ ఈ రోగులలో నలుబదియారుకు బదులు నలుబదియేడు క్రోమోజోములు కలవని కనుగొనిరి. తల్లి వయస్సు పెరిగిన కొలది అండము ఏర్పడునపుడు క్రోమోజోముల విభజనలో పొరపాటు జరుగు అవకాశము హెచ్చునని తేలినది.

రెండవది ఫీనైల్‌కీటోన్యూరియా. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ కొందరు మందబుద్ధుల మూత్రమున ఒక ప్రత్యేకమైన ఆమ్లమును కనుగొనెను. పెన్‌రోజ్ అట్టి రోగులను కోల్చెస్టరులో వెదకి పట్టి, ఆ వ్యాధికి నేటి పేరు పెట్టి, అది అంతర్గత జన్యువు వలన కలుగునని చూపెను. అంతర్గతమనగా ఆ జన్యువు తల్లి నుండియు తండ్రి నుండియు జతగా వచ్చినప్పుడే వ్యాధి బయటపడును. ఒక్కటి మాత్రమే యున్నవారు సంపూర్ణ ఆరోగ్యవంతులు. రక్తసంబంధులు వివాహమాడినచో ఇట్టి జత కూడు అవకాశము హెచ్చు. మేనరికములు పరిపాటిగా గల తెలుగు కుటుంబములకు ఇది సులభముగా అర్థమగు విషయము. మేనత్త, మేనమామ బిడ్డల వివాహమున పుట్టిన సంతతికి ఒక జన్యుస్థానమున రెండు ప్రతులును ఒకే పూర్వుని నుండి వచ్చు సంభావ్యత పదునారింట ఒకటి; మేనమామ, మేనకోడలు వివాహమున అది ఎనిమిదింట ఒకటి.

పెన్‌రోజ్ ఇట్లు లెక్కలు వేయుచుండగా, ఐరోపాలో వంశశాస్త్రము పేర ఘోరము జరుగుచుండెను. మ్యూనిక్ నగరమున ఎర్నెస్ట్ రూడిన్ మానసిక వ్యాధుల వంశక్రమమును పరిశోధించి ప్రఖ్యాతి గాంచినవాడు. 1933 జూలైలో హిట్లర్ ప్రభుత్వము చేసిన సంతాన నిరోధక శాసనమునకు వ్యాఖ్యానము వ్రాసినవారిలో అతడొకడు. ఆ శాసనము క్రింద సుమారు నాలుగు లక్షల మందికి శస్త్రచికిత్స జరిగినది. 1939 నుండి మానసిక రోగులను, వికలాంగులను చంపుటయే ఆరంభమైనది. బ్రిటనులో గూడ ప్రభుత్వము నియమించిన బ్రాక్ సంఘము 1934లో స్వచ్ఛంద శస్త్రచికిత్సకు చట్టము చేయవలెనని సిఫారసు చేసెను. ఆ చట్టము రాలేదు. రూడిన్‌కును పెన్‌రోజ్‌కును శాస్త్రమొక్కటే, సామగ్రి యొక్కటే: రోగులు, వారి బంధువులు, లెక్కలు. ఒకరి లెక్క రాజ్యశాసనమునకు ఊతమైనది. మరియొకరి లెక్క ఆ శాసనమునకు పునాది లేదని చూపినది.

1939లో పెన్‌రోజ్ ఐరోపాలోని 18 దేశముల గణాంకములను పోల్చి, మానసిక వైద్యశాలలలో రోగులు ఎక్కువగా నున్న దేశములలో చెరసాలలలో ఖైదీలు తక్కువగా నుందురని చూపెను. ఇది పెన్‌రోజ్ సూత్రమని నేటికిని చర్చింపబడుచున్నది. అదే సంవత్సరము కెనడాకు తరలి, ఒంటారియో రాష్ట్రమున మానసిక వ్యాధి పరిశోధనకు డైరెక్టరుగా పనిచేసెను. ఒకే కుటుంబమున ఇద్దరు లేక అంతకు మించి మానసిక రోగులున్న సందర్భములను అచటి వైద్యశాలల రికార్డుల నుండి పెద్ద సంఖ్యలో సమీకరించెను. ఆ విశ్లేషణ ఆయన జీవితకాలమున పూర్తిగా వెలుగు చూడక 1991లో ప్రకటితమైనది.

1945లో ఆయనను లండన్ యూనివర్సిటీ కళాశాల ఆహ్వానించినది. గాల్టన్ మరణశాసనపు ధనముతో నెలకొన్న యుజెనిక్సు ఆచార్యపీఠమది. కార్ల్ పియర్సన్, రొనాల్డ్ ఫిషర్ అధిష్ఠించిన ఆ పీఠమును యుజెనిక్సును విశ్వసింపని పెన్‌రోజ్ స్వీకరించెను. తొలి ఉపన్యాసమునకు ఫీనైల్‌కీటోన్యూరియానే విషయముగా గైకొని సుప్రజనన వాదమును పరీక్షకు పెట్టెను. వ్యాధిగ్రస్తులకు శస్త్రచికిత్స చేసినంత మాత్రమున ఆ జన్యువు తరుగదు. ఏలయన అది అధికభాగము ఆరోగ్యవంతులలోనే దాగియున్నది. దానిని నిర్మూలింపవలెనన్నచో నూటికొక ఆరోగ్యవంతునికి శస్త్రచికిత్స చేయవలసివచ్చును. ఎవరికిని హాని చేయని కొలది మంది అభాగ్యులు పుట్టకుండుటకై ఇంతటి పని తలపెట్టుట వెర్రితనమని ఆయన తేల్చెను. దశాబ్ది తిరుగక మునుపే, 1953లో, బర్మింగుహాములో బికెల్ ప్రభృతులు ప్రత్యేకాహారముతో ఒక బాలికకు మేలు చేకూర్చిరి. పుట్టిన కొలది దినములకే రక్తపరీక్షతో గుర్తించి ఆహారము మార్చినచో బుద్ధిమాంద్యమే కలుగదని తరువాత స్థిరపడినది. వంశమున వచ్చినదంతయు విధివ్రాత కాదని దీనివలన తెలిసినది.

మందబుద్ధులకు సంతానము అధికమగుటచే జాతి బుద్ధిబలము తరిగిపోవుచున్నదను భయము గూడ ఆ కాలమున బలముగా నుండెను. పెన్‌రోజ్ దీనిని అంగీకరింపలేదు. స్కాట్లండులో పదునొకండేండ్ల బాలబాలికలకు 1932లోను, తిరిగి 1947లోను జరిపిన పరీక్షలలో సగటు తరుగుటకు బదులు కొంచెము పెరుగుట ఆ భయమునకు సమాధానమైనది.

ఆచార్యపీఠమున ఆయన చేసిన సంస్కరణ పేర్లతో నారంభమైనది. శాఖ ప్రకటించు పత్రిక పేరులోని యుజెనిక్సు అను పదమును 1954లో తొలగించి మానవ జన్యుశాస్త్రము అని చేర్చెను. 1963లో పీఠము పేరును అట్లే మారినది. ఒక జాతిని కించపరచు మంగోలిజము అను పేరును విడనాడవలెనని 1961లో పందొమ్మిదిమంది శాస్త్రజ్ఞులు ప్రకటించిన లేఖపై ఆయన సంతకమును గలదు. పేర్లు మార్చుట స్వల్పకార్యముగా తోచవచ్చును. కాని ఒక బిడ్డకు వైద్యుడు పెట్టు పేరు ఆ తల్లి జీవితకాలము మోయవలసినది.

ఆయన అభిప్రాయములన్నియు నిలిచినవని చెప్పరాదు. కొన్ని వంశవ్యాధులు తరతరమునకు ముందుగాను, తీవ్రముగాను వచ్చునను మాటను, అది రోగులను ఎన్నుకొనుటలోని లోపము వలన కలిగిన భ్రమయని 1948లో ఆయన వాదించెను. చాలకాలము శాస్త్రజ్ఞులు దానిని అంగీకరించిరి. కాని 1992లో మయోటోనిక్ డిస్ట్రోఫీ అను వ్యాధికి కారణమగు జన్యుభాగము తరతరమునకు పొడవగుచుండునని తేలుటచే, ఆ విషయమున పాత వైద్యుల పరిశీలనమే సత్యమని స్థిరపడినది.

పెన్‌రోజ్‌కు చదరంగము, గణితపు చిక్కుప్రశ్నలు, కొయ్యతో చేసిన వింతయంత్రములు ప్రియమైనవి. ఎంత ఎక్కినను మొదటికే వచ్చు అసాధ్యమైన మెట్లచిత్రమును కుమారుడు రోజర్‌తో కలిసి 1958లో ప్రకటించెను. రోజర్ పెన్‌రోజ్ 2020లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము పొందినవాడు. మరియొక కుమారుడు జోనతన్ పదిమార్లు బ్రిటిష్ చదరంగ విజేత. పెన్‌రోజ్ 1953లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1960లో లాస్కర్ బహుమానమును పొందెను. 1965లో పదవీ విరమణ చేసియు విశ్రమింపక, హార్పర్‌బరీ వైద్యశాలలో కెనెడీ-గాల్టన్ కేంద్రమును నెలకొల్పి, 1972 మే 12న మరణించువరకు రోగుల నడుమనే పనిచేసెను.

భారతదేశముతో ఆయన కృషికి పరోక్ష సంబంధమొకటి కలదు. యూనివర్సిటీ కళాశాలలో ఆయన సహచరుడైన హాల్డేన్ 1957లో భారతదేశమునకు తరలివచ్చి ఇచటనే 1964లో మరణించెను. తల్లి వయస్సును గూర్చి పెన్‌రోజ్ వ్రాసిన వ్యాసము వెలువడిన జన్యుశాస్త్ర పత్రికను తరువాత హాల్డేన్ తన వెంట ఇచటికి తెచ్చెను. హాల్డేన్ శిష్యుడును, తెలుగువాడును అగు ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహములను గూర్చి చేసిన పరిశోధన 1963లో ఆ పత్రికలోనే ప్రకటితమైనది.

వంశములను లెక్కించు శాస్త్రము మనుష్యులను ఏరివేయుటకు గాక, వారి స్థితిని తెలిసికొనుటకును, వీలైనచో బాగుచేయుటకును, వీలుకానిచో ఆదరించుటకును ఉపయోగపడవలెనని పెన్‌రోజ్ తన జీవితమంతటను చూపెను. తన్ను తాను పోషించుకొనలేని వానిని సమాజము ఎట్లు చూచుకొనునో దానినిబట్టియే ఆ సమాజపు ఆరోగ్యము తెలియునని ఆయన విశ్వసించెను. కోల్చెస్టర్ నివేదికలోని 1280 మంది పేర్లు లోకమునకు తెలియవు. వారిలో ప్రతియొక్కరికిని ఒక ప్రత్యేక కారణము, ఒక ప్రత్యేక చరిత్ర కలదని గుర్తించి, ఒక్కొక్కరిని విడిగా పరీక్షించి వ్రాసియుంచుటయే ఆయన వారికి చేసిన న్యాయము.